పిల్లల ఒళ్లూ, బట్టల కొలతలూ

పిల్లల బట్ట సరిపోయిందా లేదా అని తేల్చడానికి రెండు కొలతలు కావాలి. ఒకటి ఒంటిది, రెండోది బట్టది. ఛాతీ చుట్టూ 57 సెంటీమీటర్లున్న పిల్లవాడికి 66 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చొక్కా తొడిగితే 9 సెంటీమీటర్లు మిగులుతుంది. దర్జీలు లూజు అనేది దీన్నే. ఊపిరి నిండా పీల్చడానికి, చేతులెత్తడానికి, వంగడానికి, లోపల కాస్త గాలి ఆడడానికి ఆ మిగులే ఆధారం. అది తగ్గితే బట్ట పట్టేస్తుంది, మితిమీరితే భుజం మీద నిలవదు. ఒంట్లో ఏ చోట ఎంత మిగలాలో తెలిస్తే పని సగం అయినట్టే. బజారులో మాత్రం ఈ రెండు కొలతల్లో ఏదీ వినిపించదు. అక్కడ నడిచేది మెడ పట్టీ మీది అంకె.

ఆ అంకె ఎక్కడ పుడుతుందో చూడాలంటే కలకత్తా పక్కన, హుగ్లీ నదికి పడమటి ఒడ్డున ఉన్న హౌరా నగరంలోని సంత్రాగాఛి పరిసరాలకు వెళ్లాలి. దక్షిణాది నుంచి వచ్చే రైళ్లు హౌరా చేరబోయే ముందు దాటే పెద్ద కూడలి ఇది. ఇక్కడి నుంచి డోమ్‌జూర్ మీదుగా ఆమ్తాకు ఒక రైలు దారి చీలుతుంది. ఆ వైపు ఊళ్లలో రెడీమేడ్ బట్టలు కుట్టడం ఇంటింటి పని. తూర్పున హౌరా మైదానం దగ్గర మంగళా హాట్ అనే పెద్ద బట్టల సంత ఉంది. కోనా ఎక్స్‌ప్రెస్‌వే పట్టుకుని, 1992లో తెరిచిన విద్యాసాగర్ సేతు మీదుగా నది దాటితే మెటియాబుర్జ్ ఎంతో దూరం కాదు. అవధ్ రాజ్యం పోగొట్టుకున్న నవాబు వాజిద్ అలీ షా 1856లో కలకత్తా వచ్చి, 1887లో చనిపోయేదాకా ఎక్కువ కాలం గడిపింది అక్కడే. ఆయన పరివారం చుట్టూ దర్జీపని వేళ్లూనుకుందని చెబుతారు. నేడు మెటియాబుర్జ్ పిల్లల బట్టలకు దేశంలోని పెద్ద తయారీ కేంద్రాల్లో ఒకటి. కార్ఖానా పెట్టుకుని బట్ట కోయించి, కుట్టించి, సంతకు పంపే యజమానిని అక్కడ ఓస్తాగర్ అంటారు. ఓస్తాగర్ ఒప్పుకున్న అంకే దేశమంతటి దుకాణాల్లో చెల్లుతుంది.

టోకు సంతలో పిల్లల బట్టలు 16, 18, 20, 22 అంటూ సరి అంకెల వరసలో, సెట్టుగా అమ్ముడవుతాయి. ఫ్రాకుల్లో ఈ అంకె సాధారణంగా భుజం నుంచి అంచు దాకా నిడివి, అంగుళాల్లో. బడి చొక్కాల్లో ఛాతీ లెక్క కావచ్చు, నిక్కర్లలో నడుమో నిడివో కావచ్చు. కాబట్టి ఒకే పిల్లకు ఫ్రాకు ఒక అంకె, చొక్కా మరో అంకె అవుతుంది. ఇంకో పెద్ద చిక్కు ఉంది. ఫ్రాకు అంకె చెప్పేది బట్ట గురించే. అది ఎంత ఎత్తు పిల్లకు, ఎంత ఛాతీ ఉన్న పిల్లకు అన్న సంగతి అందులో లేదు. ఆ ఖాళీని పూరించడానికి దుకాణదారు వయసు అడుగుతాడు. పండక్కి ఊళ్లోని మేనకోడలికి గౌను కొనే మేనమామ కూడా ఫోన్ చేసి అడిగేది వయసే.

వయసు ఎంత బలహీనమైన కొలబద్దో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల పట్టికలు చూపిస్తాయి. బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల పిల్లలను 1997 నుంచి 2003 వరకు కొలిచి, 2006లో విడుదల చేసిన ప్రమాణాలివి. భారత్ తరఫున కొలిచింది ఢిల్లీ పిల్లలను. ఐదేళ్లు నిండిన మగపిల్లల మధ్యస్థ ఎత్తు 110 సెంటీమీటర్లు. కానీ మామూలు అనుకునే హద్దులు కింద 100.7 నుంచి పైన 119.2 దాకా సాగుతాయి. అంటే ఒకే నెలలో పుట్టిన ఇద్దరు ఆరోగ్యవంతులైన పిల్లల మధ్య పద్దెనిమిది సెంటీమీటర్ల తేడా ఉండవచ్చు. ఇద్దరికీ '5 ఏళ్లు' అని రాసిన చొక్కా కొంటే కనీసం ఒకరికి అది పనికిరాదు. మన దేశంలో ఈ తేడా ఇంకా తీవ్రం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు దేశంలో 35.5 శాతం, పశ్చిమ బెంగాల్లో 33.8, తెలంగాణలో 33.1, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం. ప్రతి ముగ్గురిలో ఒకరు కింది హద్దుకు దిగువన ఉన్నచోట వయసును నమ్ముకుని సైజు నిర్ణయించడం చీకట్లో రాయి విసరడమే.

ఏ కొలత నమ్మదగినదో తేల్చిన తొలి భారీ ప్రయత్నం అమెరికాలో జరిగింది. అక్కడి వ్యవసాయ శాఖలోని గృహ ఆర్థిక విభాగం రూత్ ఓబ్రయన్ ఆధ్వర్యంలో 1930ల చివర్లో నాలుగు నుంచి పదిహేడేళ్ల మధ్య ఉన్న సుమారు లక్షా నలభై ఏడు వేల మంది పిల్లలను కొలిపించింది. ఒక్కొక్కరికి 36 కొలతలు. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఉపాధి పథకం కింద దొరికిన పనివాళ్ల వల్లే ఇంత పని సాధ్యమైంది. గణాంకవేత్త గిర్షిక్‌తో కలిసి ఆమె చేసిన విశ్లేషణలో రెండు సంగతులు తేటపడ్డాయి. మిగతా కొలతలను ఊహించడానికి వయసు బాగా వెనకబడింది. ఎత్తు, పిరుదుల చుట్టుకొలత అనే జంట అన్నిటికన్నా మెరుగ్గా నిలిచింది. ఎత్తు తెలిస్తే కాళ్ల, చేతుల, నడ్డి నిడివి దాదాపు తెలిసిపోతుంది. చుట్టుకొలతలు మాత్రం ఎత్తును అంతగా అనుసరించవు కనుక వాటికి వేరే కొలత ఒకటి కావాలి. ఇది 1939లో అచ్చయింది. అయినా అమెరికా దుకాణాలు ఈనాటికీ వయసును వదల్లేదు, అది వేరే కథ. ఐరోపా దేశాలు ఎత్తును పట్టుకున్నాయి. అక్కడి పిల్లల బట్టల మీద 92, 98, 104, 110, 116 అని ఆరేసి సెంటీమీటర్ల మెట్లలో ఉండే అంకె బట్టది కాదు, తొడుక్కునే బిడ్డ ఎత్తు. బట్టల కొలతలకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8559 కూడా ఒంటి కొలతలనే మూలంగా తీసుకుంటుంది.

ఎత్తు కొలవడం తేలికే అనిపిస్తుంది, పిల్లవాడు కదలకుండా నిలబడితే. రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి, తల ఒక పలకకు ఆనించి, మోకాళ్లు మెల్లగా అదిమి, పాదాలకు రెండో పలక తాకించి కొలవాలి. రెండేళ్లు దాటాక నిలబెట్టాలి. పడుకోబెట్టి తీసిన కొలత నిలువు కొలత కన్నా సగటున 0.7 సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది. నిలబెట్టినప్పుడు మడమలు, పిరుదులు, భుజాల వెనక భాగం, తల గోడకు ఆనాలి. కంటి కింది ఎముక అంచు, చెవి రంధ్రం ఒకే మట్టంలో ఉండాలి. గడ్డం పైకెత్తితే కొలత తప్పుతుంది. ఇంట్లో అయితే తల మీద దళసరి అట్ట పుస్తకాన్ని గోడకు లంబంగా ఆనించి గీత గీస్తే చాలు. సాయంత్రానికి వెన్నుపూసల మధ్య మెత్తటి పళ్లేలు అణగడంతో ఎత్తు కాస్త తగ్గుతుంది. బట్టల వరకు ఆ తేడా లెక్కలోకి రాదు.

చుట్టుకొలతల్లో తప్పులు దొర్లే అవకాశం ఎక్కువ. ఛాతీ కొలతకు టేపు చంకల కిందుగా పోయి, వీపు మీద జారిపోకుండా నేలకు సమాంతరంగా ఉండాలి. చిన్నపిల్లలకు నడుము ఎక్కడుందో కంటికి తెలియదు. కింది పక్కటెముకకు, తుంటి ఎముక పైఅంచుకు నడిమధ్యన అని శాస్త్రం చెబుతుంది. దర్జీలు మెత్తటి ఎలాస్టిక్ కట్టి బిడ్డను పక్కలకు వంచి, అది ఎక్కడ ఆగితే అదే నడుమంటారు, ఫలితం ఒకటే. సీటు కొలత పిరుదులు బాగా ఎత్తుగా ఉన్నచోట తీయాలి. నిడివులకు మొదలు మెడ వెనక, తల వంచినప్పుడు పొడుచుకొచ్చే ఎముక. చేతి పొడవు భుజం కొస నుంచి, మోచెయ్యి కాస్త వంచి, మణికట్టు ఎముక దాకా. టేపు చర్మాన్ని తాకాలి, నొక్కకూడదు. పలచటి బనీను మీద కొలవవచ్చు, చొక్కా మీద మాత్రం వద్దు. ప్రతి కొలతా రెండుసార్లు తీసి, సెంటీమీటరుకు మించి తేడా వస్తే మూడోసారి తీయాలి. పాత గుడ్డ టేపులు సాగి ఉంటాయి. వాటిని ఏడాదికోసారైనా ఇనుప స్కేలుతో సరిచూడడం మంచిది. పిల్లల కొలతల తప్పుల్లో టేపు వాటా తక్కువేమీ కాదు.

తీసిన కొలతలను పెద్దవాళ్ల పద్ధతిలో చదివితే పొరపాటవుతుంది, ఎందుకంటే బిడ్డ ఒంటి పొందిక వేరు. పుట్టినప్పుడు శరీరం మొత్తం పొడవులో తల నాలుగో వంతు ఉంటుంది. పెద్దయ్యాక అది ఏడున్నర, ఎనిమిదో వంతుకు దిగుతుంది. ఏడాది మగబిడ్డ తల చుట్టుకొలత మధ్యస్థంగా 46.1 సెంటీమీటర్లు, ఐదేళ్లకు 50.7. ఆ నాలుగేళ్లలో ఎత్తు 34 సెంటీమీటర్లు పెరిగితే తల ఐదైనా పెరగదు. ఏడాది వయసులో ఛాతీ, తల దాదాపు సమానంగా ఉంటాయి, తర్వాత ఛాతీ దాటిపోతుంది. మెడ మాత్రం సన్నం. అందుకే పసివాళ్ల చొక్కా అసలు పరీక్ష మెడ దగ్గర. సాగదీసినప్పుడు మెడ రంధ్రం తల చుట్టుకొలత కన్నా పెద్దది కావాలి, వదిలేసినప్పుడు భుజం మీంచి జారకూడదు. అల్లిక బట్టయితే సాగుతుంది. నేత బట్ట సాగదు కనుక వీపున గుండీలో, భుజం మీద ఒకదానిపై ఒకటి పడే పట్టీలో పెట్టాలి. వెనక ముళ్లు వేసే జబ్లా ఈ చిక్కును ఎప్పుడో తీర్చింది.

రెండో తేడా బొజ్జ. రెండేళ్ల బిడ్డకు ఛాతీకి, నడుముకు మధ్య తేడా ఒకటి రెండు సెంటీమీటర్లే. కూర్చుంటే బొజ్జ ఇంకా ముందుకొస్తుంది. ఆ వయసు గౌనుకు నడుము దగ్గర నొక్కు పెట్టడం అందానికే తప్ప ఒంటికి పనికొచ్చేది కాదు, ఛాతీ నుంచి నేరుగా జారే గౌనే మేలు. నడుము విడిగా తెలియడం బడి వయసు నడిమికి గాని జరగదు. ఇక డయాపర్ వాడే బిడ్డకు సీటు కొలత డయాపర్ మీదే తీయాలి.

ఒంటి కొలత తెలిశాక బట్ట వంతు. చొక్కాను గుండీలు పెట్టి బల్ల మీద ముడతల్లేకుండా పరిచి, ఒక చంక కింది నుంచి ఇంకో చంక కింది దాకా కొలిచి రెట్టింపు చేస్తే ఛాతీ చుట్టుకొలత వస్తుంది. సీటు, చేతి వెడల్పు కూడా ఇలాగే. ఎలాస్టిక్ నడుముకు రెండు కొలతలు కావాలి. ఊరికే ఉన్నప్పుడు అది ఒంటి నడుము కన్నా కాస్త తక్కువ ఉండాలి, పూర్తిగా సాగినప్పుడు సీటు దాటేంత రావాలి. సాగినా సీటు దాటకపోతే పిల్లవాడు ప్యాంటు తనంతట తాను తొడుక్కోలేడు. నేత చొక్కాకు ఛాతీ దగ్గర 3, 4 అంగుళాల లూజు మామూలు. అల్లిక బనీనుకు లూజు అక్కరలేదు, ఒంటికన్నా చిన్నగా ఉన్నా సాగి సరిపోతుంది. ఏ బట్టనైనా ఉతికాక కొలవాలి. నూలు అల్లిక ఉతుకులో నూటికి ఐదు పాళ్లు ముడుచుకుందంటే 50 సెంటీమీటర్ల నిడివిలో రెండున్నర పోయినట్టు, అంటే అంగుళం, సంతలో రెండు సైజుల మధ్య ఉన్న తేడాలో సగం.

కొలతలు సరిపోయినా చూపు పని మిగిలే ఉంటుంది. భుజం కుట్టు భుజం ఎముక కొస మీద పడాలి. అది చేతి మీదకు జారితే చొక్కా పెద్దది, మెడ వైపుకు లాగితే చిన్నది. ఒంటి దగ్గర ఏ లోపమైనా విప్పి కుట్టుకోవచ్చు గాని భుజం తప్పితే చేసేదేమీ లేదు కనుక కొనేటప్పుడు మొదట చూడవలసింది అక్కడే. అడ్డంగా పడే ముడతలు ఆ చోట చుట్టుకొలత చాలలేదని చెబుతాయి, నిలువు మడతలు ఎక్కువైందని. చంక నుంచి మెడ వైపు ఏటవాలుగా లాగే గీతలు కనిపిస్తే చంక కోత తప్పింది. తర్వాత బిడ్డను కదిలించాలి. రెండు చేతులూ పైకెత్తితే చొక్కా బొడ్డు దాటి పైకి పోతే చంక కోత మరీ లోతుగా ఉన్నట్టు. చాలామంది దీన్ని నిడివి లోపమనుకుని పెద్ద సైజు కొంటారు, ఆ పెద్ద సైజులోనూ అదే జరుగుతుంది. గొంతుక్కూర్చుంటే నిక్కరు వెనక జారకూడదు. జారిందంటే నడుము నుంచి కాళ్ల సందు మీదుగా వెనక నడుము దాకా ఉన్న కొలత చాలలేదు. మాటలు రాని బిడ్డ ఫిర్యాదు చేయలేదు, ఒళ్లే చెప్పాలి. విప్పాక చర్మం మీద ఎలాస్టిక్ గాడి ఎర్రగా చాలాసేపు నిలిస్తే అది బిగుతు. హుగ్లీ తీరపు ఉక్కపోతలోనూ, మన కోస్తాలోనూ అక్కడే చెమటకాయలు లేస్తాయి.

ఇప్పుడు సరిపోయింది ఎన్నాళ్లు సరిపోతుంది? తొలి ఏడాది బిడ్డ 25 సెంటీమీటర్లు పెరుగుతుంది, రెండో ఏట సుమారు 12. నాలుగేళ్లు దాటాక ఈడు వచ్చేదాకా ఏటా 5, 6 సెంటీమీటర్లే. ఐరోపా పట్టికల్లో ఎత్తు 6 సెంటీమీటర్లు పెరిగే మెట్టుకు ఛాతీ పెరిగేది సుమారు 2. పెరుగుదలలో కాళ్ల వాటా పెద్దది. అందువల్ల ప్యాంటు పొట్టిదైపోయే నాటికి నడుము ఇంకా సరిపోతూనే ఉంటుంది. తెలుగు ఇళ్లలో పట్టులంగా కుట్టించే పద్ధతి ఈ లెక్కను అక్షరాలా పాటిస్తుంది. నడుముకు బొందు, అంచు పైన రెండు మూడు టక్కులు. ఏడాదికో టక్కు విప్పితే లంగా పిల్లతో పాటు దిగుతుంది. ముందు బిగుసుకునేది జాకెట్టే, దానికీ పక్క కుట్ల లోపల బట్ట వదిలిస్తారు. రెడీమేడ్‌లో ఈ వెసులుబాటు అరుదు. డజన్ల లెక్కన కుట్టేచోట ఒక్కో గౌనుకు లోపల రెండంగుళాలు వదిలితే తాను మొత్తానికి అదనపు బట్ట ఎంతో అవుతుంది, ఆ ఖర్చు ఎవరూ ఇవ్వరు. దానికి బదులు తల్లిదండ్రులు రెండు సైజులు పెద్దది కొంటారు. నిడివి కోసం కొన్న ఆ పెద్ద చొక్కాలో మెడ, భుజం, చంక మూడూ తప్పుతాయి. ఒక సైజు పెద్దది చాలు.

లూజు భద్రత సంగతి కూడా. పొడవైన అంచు కాలికి అడ్డం పడుతుంది, వెడల్పాటి చేతి దీపానికో పొయ్యికో అందుతుంది. వదులు బట్టకూ ఒంటికీ మధ్య గాలి ఉండడంతో మంట త్వరగా ఎగబాకుతుంది. అమెరికాలో పిల్లల రాత్రి దుస్తులు మంటను తట్టుకునే పరీక్ష నెగ్గాలి. 1996లో చేసిన సవరణతో ఒంటికి అంటుకునే దుస్తులకు మినహాయింపు దొరికింది. అంటుకుని ఉండడమంటే ఏమిటో చట్టమే కొలతల్లో చెప్పింది. ఛాతీ, నడుము, సీటు, దండచేయి, తొడ, మణికట్టు, చీలమండ దగ్గర బట్ట ఇంతకు మించరాదని ఒక్కో సైజుకు హద్దు పెట్టింది. ఐరోపా ప్రమాణం ఈఎన్ 14682 ఏడేళ్లలోపు పిల్లల బట్టలకు మెడ, టోపీ దగ్గర లాగే తాళ్లు ఉండకూడదంటుంది. మన సంతల్లో మెడ దగ్గర తాడు వేలాడే టోపీ చొక్కాలు ఇంకా కనిపిస్తాయి. ఇంటికి తెచ్చాక ఆ తాడు లాగి పారేయడం ఒక్క నిమిషం పని.

కార్ఖానాలో తప్పులు పుట్టే చోట్లు రెండు. ఒక నమూనా సైజు బాగా కుదిరాక మిగతా సైజులను దాని నుంచి పెంచి, తగ్గించి తయారు చేస్తారు. నిడివికి రెండంగుళాలు, ఛాతీకి ఒకటి చొప్పున అన్నిటినీ ఒకే వరసలో పెంచుకుంటూ పోవడం సులువు. కానీ తల అలా పెరగదని పైన చూశాం. మెడను కూడా అదే వరసలో పెంచితే పెద్ద సైజుల్లో మెడ భుజం దాకా తెరుచుకుంటుంది, చిన్న సైజుల్లో తల దూరదు. మెడకు, భుజానికి విడిగా మెట్లు పెట్టుకున్న ఓస్తాగర్ సరుకు అన్ని సైజుల్లోనూ కుదురుతుంది. రెండోది కోత. పదుల కొద్దీ పొరలు పేర్చి మిషన్‌తో ఒకేసారి కోసేటప్పుడు కత్తి వాలితే పై పొరకూ అడుగు పొరకూ తేడా వస్తుంది. అందువల్ల ఒకే అంకె ఉన్న రెండు గౌన్లు ఒకే కొలతలో ఉండాలని లేదు. టోకున కొనే దుకాణదారు ప్రతి సైజులో రెండు మూడు తీసి టేపు వేసి చూస్తే సెంటీమీటరుకు మించిన తేడాలు అక్కడే దొరుకుతాయి.

ఈ మెట్లన్నిటికీ ఆధారం కావలసింది మన పిల్లల కొలతల పట్టిక. జౌళి శాఖ మద్దతుతో జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ (నిఫ్ట్) 2018లో ప్రకటించిన 'ఇండియాసైజ్' సర్వే కలకత్తా, హైదరాబాద్, ముంబై, ఢిల్లీ, బెంగళూరు, షిల్లాంగ్ నగరాల్లో 25 వేల మందిని త్రీడీ స్కానర్లతో కొలిచేందుకు ఉద్దేశించింది. దానికి ఎంచుకున్న వయసు 15 నుంచి 65. మెటియాబుర్జ్, హౌరా కార్ఖానాలు ఎవరికోసం కుడుతున్నాయో ఆ పిల్లల్లో ఎక్కువమంది ఈ లెక్కకు బయటే ఉన్నారు. మరోవైపు ఆరేళ్లలోపు పిల్లల ఎత్తు, బరువు అంగన్‌వాడీల్లో కొలిచి పోషణ్ ట్రాకర్‌లో నమోదు చేస్తున్నారు. బట్టలకు కావలసిన ఎత్తు, చుట్టుకొలత అనే జంటలో మొదటిది ఆ విధంగా ఇప్పటికే చేతిలో ఉంది. దానికి ఛాతీ, సీటు కొలతలు జోడించడానికి ఒక టేపు, బిడ్డకు రెండు నిమిషాలు చాలు. అది జరిగేదాకా పిల్లల బట్ట కొనేవారు వయసు బదులు ఎత్తు చెప్పాలి, అంకె చూడకుండా టేపు వేయాలి. రెండేళ్లలోపు బిడ్డను మూడు నెలలకోసారి, ఆ పైన ఆరు నెలలకోసారి కొలిచి రాసుకోవాలి.